సున్నా మీద ముల్లు

సెప్టెంబరు ఆఖరు. నరీన్‌లో పొద్దున్నే
బకెట్టు నీళ్లకి పలచటి గాజుపెంకు కట్టింది.
సగమే మూసుకునే తలుపున్న నా షెడ్డులోకి
తోలోగోన్ పాత హోండా వ్యాను కుదుపుతూ వచ్చి ఆగింది.
"బురుల్చా అక్కా, ముల్లు చచ్చింది."

కొండలు వెనక్కి పరిగెడుతున్నాయట,
గొర్రెలు, కరెంటు స్తంభాలు, సమాధుల మట్టిగోడలు, అన్నీ.
ముల్లు మాత్రం సున్నా మీద తలపెట్టి పడుకుందట.
గేరు మారినప్పుడల్లా వీపున గుద్దినట్టు ఒక దెబ్బ.
"ఎన్నాళ్ల నించి?"
"పదకొండు రోజులు."
ఆ మాట తన బూట్లకి చెప్పాడు.

ఫ్యూజు బాగుంది.
మీటరు విప్పుదామా అన్నాడు, ఎవరో చెప్పారట.
ఆగు, మొహానికి మసి అంటితే అద్దం తుడుస్తామా?
చక్రం తిరిగిన కబురు పైకి మోసే వాడొకడున్నాడు,
బొటనవేలంత వాడు,
గేరుబాక్సు వీపు మీద, ఇంజను వెనకగోడ పక్క
వెలుతురు దూరని సందులో ఉంటాడు.
గాలి గొట్టం ఊడదీసి
మోచేతిదాకా చెయ్యి దించాను.
యాక్ కడుపులో అడ్డం తిరిగిన దూడ కాళ్లని
మా అమ్మ ఇలాగే వెతికేది, ఎటో చూస్తూ.
వేళ్లకి తగిలాయి:
మూడు తీగల ప్లగ్గు,
ఒకే ఒక్క పది నంబరు బోల్టు.

ముందు చక్రాలు జాకీ మీద లేపి, తాళం తిప్పి ఉంచాం.
ఒక తీగలో పన్నెండు వోల్టులు.
రెండోది నేలని గట్టిగానే పట్టుకుంది.
మూడోదానికి నా టెస్టరు ముల్లు ఆనించాను,
ముల్లుని ముల్లుతోనే తియ్యాలిగా.
"తిప్పు."
తోలోగోన్ ఎడమ చక్రం చేత్తో తిప్పాడు.
ఐదు, సున్నా, ఐదు, సున్నా,
అలా కొట్టుకోవాలి.
కొట్టుకోలేదు.

బోల్టు వచ్చింది. వాడు రాలేదు.
ఇరవై రెండేళ్ల నూనే దుమ్మూ
వాణ్ని కావలించుకుని ఉన్నాయి.
తుప్పునూనె చల్లి, టీ తాగి, మళ్లీ చల్లి,
వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు.
విరిగితే ముక్క లోపల పడుతుంది,
అప్పుడిక గేరుబాక్సే దించాలి.
పాలపన్ను పీకేటప్పుడు పిల్లతో మాట్లాడినట్టు
ఏదో మాట్లాడాను.
ఊడింది.
చిన్న ప్లాస్టిక్ గేరు, పళ్లరిగి నున్నగా.
లోపల ఇనుము తిరుగుతూనే ఉంది పాపం,
దీనికే పట్టు చిక్కట్లేదు.

ఇంకోటి బిష్కెక్ తుక్కు బజారు నించి
రెండ్రోజులకి వచ్చింది,
ప్రయాణికుల వ్యానులో, రొట్టెల సంచీతో పాటు.
పళ్లు గోటితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాను.
రబ్బరు రింగు మాత్రం కొత్తది వేసి, నూనె రాసి, నొక్కి,
బోల్టు చాలినంతే బిగించాను.

ఆ రెండ్రోజులూ బండి నా దగ్గరే కదా.
రేడియేటరు జల్లెడలో తెల్లటి ఈకగడ్డి.
తోలోగోన్ రోజూ తిరిగే దారిలో ఆ గడ్డి లేదు.
కనుమ దాటాలి, సోన్‌కోల్ సరస్సు గట్టుదాకా వెళ్లాలి.
వెనక సీటు కింద ఎర్ర మేజోడు,
నా అరచెయ్యంత, ఒక్కటే.

బండి తోలోగోన్‌ది కాదు. ఎసెన్‌కుల్‌ది.
కిలోమీటరుకింత అని
ఆ మీటరు చూసే అద్దె గుంజుతాడు.

వంతెన దాటేలోపే ముల్లు లేచింది.
ఇరవై. నలభై. కుదుపు లేదు.
అడుగున ఒక అంకె దొర్లింది.
అప్పులవాడు గడప తొక్కినట్టు
తోలోగోన్ దానివైపు చూశాడు.

సాయంత్రం ఎసెన్‌కుల్ వచ్చాడు.
"ఆ పదకొండు రోజులూ ఎంత తిరిగుంటుంది?
బండిని చూస్తే నీకు తెలుస్తుందంటారు."
తెలుస్తుంది.
అరిగిన గేరు తీసి అతని చేతిలో పెట్టాను.
"దీన్నడుగు."
"పోనీ, ఉజ్జాయింపుగా?"
"కాకి లెక్కలు నాకు రావు."

గడ్డి అప్పటికే పొయ్యిలో వేశాను.
మేజోడు పనిముట్ల డబ్బాలో ఉంది,
పది నంబరు స్పానరు పక్కన.
తోలోగోన్ ఇటొచ్చినప్పుడు గుర్తుచెయ్యాలి.
చలికాలం వచ్చేస్తోంది,
రెండోది ఆ పిల్ల దగ్గరే ఉండుంటుంది.