అందిన నమూనాకు మాత్రమే

అంబత్తూరు ఎస్టేట్, మూడో మెయిన్ రోడ్డు,
బేరింగుల గోడౌను మీద మా ల్యాబు.
మంగళవారం పొద్దున పార్సిలు లారీ
ఒక థర్మోకోల్ పెట్టె దించి పోయింది.
ఐసు దారిలోనే కరిగిపోయింది.
సీసాల మెడల దాకా గోరువెచ్చని నీళ్లు,
వాటి మీద తేలుతూ బొగ్గు నుసి.

గోదావరి అవతల ఏదో ఓపెన్‌కాస్ట్ గని.
చుట్టుపక్కల బావులు ఆరు, సీసాలు ఆరు,
ఎస్ ఒకటి నుంచి ఎస్ ఆరు దాకా
కంప్యూటర్లో కొట్టిన లేబుళ్లు.
అడుగున, అట్టముక్క కింద,
ఎవరూ లెక్కలో రాయని ఏడోది:
కూల్‌డ్రింకు సీసా.
దానికి మెతుకులతో అంటించిన రూళ్ల కాగితం.

కయల్విళి అటూ ఇటూ తిప్పి చూసి
"మీ జిలేబీల రాతే, నువ్వే చదువు" అంది.
నేను సూళ్లూరుపేటదాన్ని, అది మా వైపు తెలుగు కాదు.
అయినా తడుముకోలేదు:

మా బోరింగు నీళ్లు.
పప్పు ఉడుకుతలేదు.
జర సూడున్రి.
ఆగమ్మ.

ఊరి పేరు ఉన్నచోట తడి తగిలి
సిరా మరక ఒక్కటే మిగిలింది.

మా ఫారంలో ఇరవైమూడు గళ్లు.
రంగు, వాసన, సల్ఫేటు, ఇనుము, మాంగనీసు...
పప్పుకి గడి లేదు.

ఆరు బావులూ కూడబలుక్కున్నట్టు
ఒకే మాట చెప్పాయి.
కాఠిన్యం నూట డెబ్బై, నూట డెబ్బై రెండు,
మళ్లీ నూట డెబ్బై.
బావులకి ఇంత ఐకమత్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో!
ఎవరూ అడగని పరీక్ష ఒకటి చేశాను.
ఆరింట్లోనూ లేత గులాబి రంగు తిరిగింది: క్లోరిన్.
బావి తనంతట తాను క్లోరిన్ ఊరదు.
ఆఫీసర్ల క్వార్టర్ల కొళాయి కింద
ఆరు సీసాలూ వరసగా నిలబడి ఉంటాయి,
బడి పిల్లల్లా.

అందరూ దిగిపోయాక ఏడోది తెరిచాను.
ద్రాక్షరంగు నీలంగా మారాలి.
బ్యూరెట్టు ఖాళీ అయింది, మారలేదు.
మళ్లీ నింపాను.
బేరియం పలుకు వేస్తే
అద్దంలాంటి నీళ్లలో
సున్నం కలిపినట్టు మబ్బు కమ్మింది.
ఆ మబ్బు కురవదు.
ఆగమ్మ కుండలోకి ముందే కురిసేసింది.

దేశికన్ సారు చెడ్డవాడేం కాదు.
ఒకటో తారీఖు దాటకుండా జీతం ఇస్తాడు,
మా పిల్లల పేర్లన్నీ ఆయనకి నోటికొచ్చు.
"దీనికి బిల్లు ఎవరి పేర రాయమంటావు?" అన్నాడు.
"సీలు లేదు, సంతకం లేదు. సింకులో పోసెయ్."
రిపోర్టు అడుగున ఎప్పుడూ ఉండే వాక్యం మీద
వేలు పెట్టి చూపించాడు:
ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి.

అందింది కదా సార్, అనలేదు నేను.
సీసాని టిఫిన్ సంచిలో పెట్టుకుని
కొరట్టూరు బస్సెక్కాను.

మా ఇంట్లోనూ ట్యాంకరు నీళ్లే.
వంటకి మటుకు క్యాను.
క్యాను నీళ్లకి కందిపప్పు మూడు విజిళ్లు.
ఆగమ్మ నీళ్లకి
ఆరు పోయాయి. తొమ్మిది.
పక్కవాటా ఆవిడ గోడమీంచి
"ఏం వండుతున్నావు, రాళ్లా?" అని నవ్వింది.
నేను నవ్వబోయి ఆగాను.
మూత తీస్తే
పసుపు నీళ్లలో పప్పు
గింజకి గింజగా, కళ్లు తెరుచుకుని.

పొద్దున సారు బల్ల మీద
ఆరు బావుల రిపోర్టు పెట్టాను.
రిమార్కుల గడిలో నా చేత్తో ఒకటే మాట:
అన్నిట్లోనూ క్లోరిన్ ఉంది.
దాని పక్కన చిన్న స్టీలు గిన్నె.

ఆయన అద్దాలు పైకి జరిపాడు.
ఒక గింజ తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కాడు.
ఇంకోటి తీసి నొక్కాడు.
పెన్ను మూత తీశాడు.

కింద గోడౌన్లో
బేరింగులు దింపుతున్న చప్పుడు.
నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను.
ఆయన ఇంకా ఏమీ రాయలేదు,
కొట్టెయ్యనూ లేదు.