గత్తర

కార్డు మీద మొదటి వరుస:
గత్తర, నామవాచకం, కలరా.
రెండో వరుస పరకాల బస్టాండు కాడ దొరికింది.
డీజే పెట్టెలు ఆటోకెక్కిస్తూ ఓ పిలగాడు
“పాట గత్తరున్నదన్నా” అన్నడు.

ఆ మాట పుట్టుక అడుగుదామని ఓదవ్వ ఇంటికి పోతే
చాటల బియ్యం చెరుగుడు ఆగిపోయింది.
లేచి, గడపకు ఇంత పసుపు రాసొచ్చి కూసున్నది.

“మా అవ్వ పేరు పెట్టి పిల్వకపోయేది.
ఆమె, అనేది.
ఎడ్లు లేని బండి మీద తిరుగుతదట ఆమె,
పేరినవడితే నన్నే రమ్మన్నరని దిగుతదట.
ఊరంత జొన్నచేన్లల్ల పండిన్రు, తొమ్మిదొద్దులు.
మర్లొచ్చి చూస్తే
మా చిన్నమ్మ పొయ్యి మీద గటుక, పచ్చగ బూజువట్టి.
తినెటోళ్ళు లేరు.”

మరి మాటెక్కడిదవ్వా?
“నాకేమెరుక బిడ్డా,
పేగులు అట్ల మొత్తుకుంటయి గావచ్చు”
అని పొట్ట మీద చెయ్యేసి
గత్... త... ర్ర... అన్నది, మెల్లగ,
ఎనభై ఏండ్లల్ల మొదటిసారేమో.

వాడకట్టుల బరాత్.
ఆమె మునిమనుమడు దుంకుతుంటే
గత్తర లేపుతుండురా, అని ఎవరో కేకేసిన్రు.
ఓదవ్వ ఉలిక్కిపడి తలుపు దిక్కు చూసింది.
చానసేపు చూసి, చాట అందుకున్నది.

“ఎగరనీ.
ఇంతమంది ఇట్ల నవ్వుకుంట పిలిస్తే
అది తన పేరని ఆమె ఎట్ల గుర్తువడ్తది?”