పదకొండు పౌండ్లు

మా రేవులో మొదటి పలకరింపు
"తూకం మీదికి ఎక్కండి."
మనిషయినా మైదా బస్తా అయినా
ముల్లుకి ఒకటే.
నీళ్ల మీద ఊగుతున్న ఆ చిన్న విమానానికి
పెద్దరికాలు తెలియవు,
పౌండ్లు తెలుసు.

సెప్టెంబరు రెండో వారం.
యూకాన్‌లో అప్పటికే ఆస్పెన్ ఆకులు పండి
గాలి తగిలితే జేబులో చిల్లరలా కదులుతున్నాయి.
మానిటోబా నుంచి నాలుగు రోజులు బండి తోలుకుని
ఆన్సెల్మ్ క్రోకర్ వచ్చాడు.
డెబ్భై దాటిన మనిషి,
నున్నగా గడ్డం గీసుకుని మరీ,
మూస్ దుప్పితో పెళ్లిచూపులున్నట్టు.

ఒక్కొక్కటే దించాడు.
రెండేసి తాళాలతో రెండు రైఫిల్ పెట్టెలు.
తూటాలు వేరే డబ్బాలో, దానికి ఇంకో తాళం.
బోల్టులు ఊడదీసి
ఉన్ని మేజోళ్లలో దూర్చి మరో సంచిలో.
"తుపాకి ఒకచోట, దాని ప్రాణం ఇంకోచోట.
చట్టం అలా ఉంది," అన్నాడు.

దారిలో ఏ మోటెల్లో ఆగినా
పెట్టెలు మంచం కిందికి తోసుకునే పడుకున్నాడట.
ఒకచోట యజమానురాలు వయొలిన్లనుకుని
"ఏదీ, వాయించు" అందట.
"నాకు ఒక్క పాటే వచ్చు,
అదీ చాలా చిన్నది" అన్నాడట.

అన్నీ తూచాను. ఆయన్నీ తూచాను.
పైలట్ మార్గిట్ పెన్సిల్ చెవిలోంచి తీసి కూడి
"పదకొండు ఎక్కువ" అంది.
"కొండ దాటాలి. మధ్యాహ్నమైతే గాలి
కిందికి లాగుతుంది. పదకొండూ పోవాలి."

పీచ్ పళ్ల డబ్బాలు తీశాడు, రెండు.
రెండో జత బూట్లు, మూడున్నర.
విస్కీ సీసా తీసి, కాసేపు చూసి,
ఒక గుటక వేసి దించాడు, రెండున్నర.
"లోపలికి పోయిందీ తూగుతుంది" అన్నాను.
నవ్వలేదు.
ఇంకా మూడు.

మాంసం సంచులు ముట్టుకున్నాడు, వదిలేశాడు.
ఉప్పు మూట ముట్టుకున్నాడు, వదిలేశాడు.
ఒక మనిషికి రెండు రైఫిళ్లెందుకని
అడగకూడదు, నా పని తూచడం.
అడిగాను.

"ఇది యాబ్రాముది.
ముప్పై ఒక్క ఏళ్లు కలిసే వచ్చేవాళ్లం.
నిరుడు రాలేదు.
ఈ ఏడు రాలేడు."

దాని మడమ ఎప్పుడో పగిలింది,
రాగి తీగతో చుట్టి ఉంది.
రెండోది కొత్తది, నల్లగా మెరుస్తోంది,
పైన పెట్టిన దుర్బీనే నా నెల జీతం.
రెండు పెట్టెల మీదా చెరో చెయ్యి వేసి నిలబడ్డాడు.
మార్గిట్ గడియారం చూడలేదు,
చెరువు వైపు చూసింది.

కొత్తది నా వైపు తోశాడు.
నంబరు రాశాను, రసీదు చించాను,
ఇనప అలమరలో పెట్టి తాళం వేశాను.
ముల్లు వెనక్కి వచ్చి నిలిచింది.
"ఇప్పుడు నాలుగు పౌండ్లు ఖాళీ" అంది మార్గిట్.
పీచ్ డబ్బాలు మాత్రం తిరిగి ఎక్కించాడు.

పదో రోజు తిరిగొచ్చాడు.
మాంసం సంచులు మడత విప్పలేదు.
కొమ్ములు లేవు, చర్మం లేదు.
గైడ్ చెప్పాడట, పొద్దున్నే వాగు మలుపులో
మంచి దుప్పి ఎదురుగా నిలబడిందని.
మనిషి ఆరు పౌండ్లు తగ్గాడు.
ఇరవై తూటాలు పోయాయి,
పంతొమ్మిది వచ్చాయి.
"ఒకటి తక్కువ" అన్నాను.
"తక్కువే" అన్నాడు.
లెక్కలో అలాగే రాశాను.

రైఫిల్ ఇచ్చాను, సీసా ఇచ్చాను.
సీసాలో మట్టం కాస్త దిగింది,
ఆ వారం చలి అలాంటిది, ఆయన చూసీ ఏమీ అనలేదు.
దుమ్ములో ఆయన బండి కలిసిపోయాక చూద్దును కదా,
బూట్లు ఇక్కడే ఉన్నాయి.

మూడున్నర పౌండ్లు.
ఎవరి పేర రాయాలో తెలియక
అలమర అడుగు అరలోనే ఉంచాను.
నా కాళ్లకి పెద్దవి.