కాపలాగది

సముద్రం మీంచి వచ్చే పొగమంచు
ముందు రాళ్ళ మీది పేర్లు తింటుంది,
తర్వాత గోడని, ఆఖరికి నా బూట్లని.
కిర్క్‌లారిగ్ చర్చి శ్మశానంలో
రాత్రికి ఆరు పెన్నీల కావలివాణ్ణి.
ఓ లాంతరు, ఓ తుపాకి, పీట్ గడ్డల పొయ్యి.
కిటికీకి ఒక్కటే అద్దం.
అందులో ఎక్కువగా నా మొహమే కనబడుతుంది.

"చెడు గోడ దూకి వస్తుంది, నినియన్,
కళ్ళు మూయకు" అన్నాడు పాస్టరు.
కొమ్ముల కోసం, గబ్బిలాల రెక్కల కోసం
పదకొండు చలికాలాలు కాచాను.

అది తలుపు తట్టి వచ్చింది.
బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి
"క్షమించండి, బాగా పొద్దుపోయింది" అంటూ.
వైద్యం చదివే కుర్రాడు. జలుబు చేసి ఉంది.
పేరు టెలిఫర్ అన్నాడు, అబద్ధమేమో.
బల్ల మీద మూడు గినీలు
ఒకదానిమీద ఒకటి, చప్పుడు కాకుండా పేర్చాడు.

ఆ రాత్రి నేను చేసిందల్లా
లాంతరు వత్తి తగ్గించడం.
పార ముట్టలేదు. తాడు లాగలేదు.

ఇసొబెల్ డన్‌బార్. పూడ్చి నాలుగు రోజులే.
నార నేసే ముసలిది,
నా పెళ్ళికి దుప్పటి ఇచ్చింది.
తెల్లారి చూస్తే మట్టి మట్టిలాగే ఉంది,
గడ్డి పెళ్ళలు కూడా దువ్వినట్టు సర్దారు.
గోడ పక్కన మాత్రం మడతపెట్టిన తెల్లగుడ్డ.
శవం ఎవరి సొత్తూ కాదట.
గుడ్డ పట్టుకెళ్తేనే దొంగతనమట.
తన కోసం తనే నేసుకున్న నార,
ఓ మూల నీలిదారంతో రెండక్షరాలు.
ఇంటికి తెచ్చి పెట్టె అడుగున కుక్కాను.

ఏడాది తిరిగింది. మా గ్రిజెల్‌కి నొప్పులు.
రెండు రాత్రులు. బిడ్డ అడ్డం తిరిగింది.
మంత్రసాని చేతులు కడుక్కుని బైబిలు అందుకుంది.
అప్పుడు మంచు తోసుకుంటూ పట్నం డాక్టరు వచ్చాడు.
బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టాడు.
నేను చూశాను. అతను నా వైపు చూళ్ళేదు.

చీకట్లో సొంతింట్లో నడిచినట్టు
వెళ్ళాయి ఆ చేతులు,
ఏ మలుపులో ఎంత జాగా ఉందో
ఏ ఎముక ఎటు ఒదుగుతుందో తెలిసి.
ఆ ఇల్లు ముందుగా ఎవరు తెరిచి చూపించారో
గదిలో మా ఇద్దరికే తెలుసు.

బిడ్డ ఏడ్చింది.
"దేవుడే పంపాడు బాబూ" అంది మా ఆవిడ
అతని మోచెయ్యి పట్టుకుని.
అతను ఫీజు తీసుకోలేదు.

పొద్దున్నే ఆ ఖాళీ గుంట దగ్గరికి వెళ్ళాను.
"ఇసొబెల్" అన్నాను.
క్షమించమనాలా, నీ చలవే అనాలా,
రెండూ ఒక్క నోట్లో పట్టలేదు.
టోపీ తీశాను. చలేసింది. పెట్టుకున్నాను.

ఇంటికొస్తే పొయ్యి దగ్గర మా ఆవిడ,
"ఇంత మంచి గుడ్డ అడుగున పడేస్తారా ఎవరైనా?"
కత్తెర అప్పటికే దాని పని అది చేసేసింది.
మెడదాకా చుట్టుకుని నిద్రపోతోంది పిల్ల.
గడ్డం కింద, పాలతడికి కాస్త ముదురుగా,
రెండు నీలి అక్షరాలు.