తలకట్టు

చిక్కపిళ్ళప్ప పేరు
గోడకి రోడ్డు వైపు కన్నడంలో రాసేవాణ్ణి,
వెనక, మేస్త్రీ కూలీల గుడిసెల వైపు, తెలుగులో.
అక్షరాలు దాదాపు ఒకటే. తలకట్టే తేడా.
అక్కడ పడుకుని కొస వంచుకుంటుంది,
ఇక్కడ లెక్క సరిపోయిందని టిక్కు కొట్టినట్టు లేస్తుంది.
"రెండు పక్కలా నేనే కదప్పా" అని నవ్వేవాడు.

అప్పటికి ఆయన బోరుబండి మీద క్లీనరు.
మొహమంతా తెల్ల రాతిపొడి, కనురెప్పల కింద మాత్రం నలుపు.
గుర్తు కుట్టుమిషను. సూది వేయడం మరిచిపోయాను.
సూది లేకుండానే గెలిచాడు, పదకొండు ఓట్లతో.

కెంచనపాళ్యకి మేయరు పదవి లేదు.
ఉన్నది నగరసభ అధ్యక్షుడు, బోర్డు మీద అదే రాశాను.
ఊరు మాత్రం మేయరంది. టీకొట్టు, పోలీసు,
ఆరేళ్ళు ఆయనతో మాట్లాడని తమ్ముడు కూడా.

నీళ్ళ సంగతి చెప్పాలి.
లేఅవుట్ల వాల్వు రాత్రి రెండింటికి తనే తిప్పి
గుడిసెలకి నీళ్ళు వదిలిన మాట నిజం.
తర్వాత ట్యాంకర్లొచ్చాయి.
వాటి మీద బావమరిది పేరు రాసిందీ నేనే.
వాల్వు మళ్ళీ తిరగలేదు.
బిందె రెండు రూపాయలు.

రాజకాలువ మీద సైట్లు కోసినప్పుడు
నాకూ ఒకటిచ్చాడు, ఇరవై ముప్పై, బి ఖాతా.
"ఎంతియ్యాలన్నా?"
"గోడలకి రాసిన కూలి ఎన్నేండ్లది బాకీ?"
ఆ మాటకి మూసుకున్న నోరు నాది.
అందుకే ఇది నోటితో చెప్పడం లేదు.

అవిశ్వాసం పెట్టినప్పుడు కౌన్సిలర్లని బస్సెక్కించి
సకలేశపుర రిసార్టులో దాచాడు.
ఒకాయన బీపీ మాత్రలు, ఒకామె సగం అల్లిన స్వెట్టరు
నేనే మోసుకెళ్ళాను.
లోకాయుక్త వాళ్ళొచ్చిన పొద్దున
పరుపులు కోసి చూశారు, బియ్యం కుమ్మరించి చూశారు.
పందొమ్మిది రోజులు పరప్పన అగ్రహార.
బయటికొచ్చిన నాడు వేసిన దండ బరువుకి మెడ వంగింది,
జనం నమస్కారమనుకున్నారు.

ఆయన్ని ఓడించింది ఏ మనిషీ కాదు.
ఒక గురువారం గెజెట్టు వచ్చింది,
కెంచనపాళ్య ఇక బెంగళూరట.
ఊరు పోయి వార్డు నంబరు మిగిలింది.
నన్ను పిలిచి, తలుపు మీద పేరుకి ముందు
"మాజీ" చేర్చమన్నాడు. జాగా లేదన్నాను.
"చిన్నగా రాయి."
అంత చిన్న బ్రష్షు లేక
అగ్గిపుల్లతో రాశాను.

తర్వాత ఫ్లెక్సులొచ్చి నన్నూ మాజీని చేశాయి.

మొన్న కార్పొరేషనోళ్ళు డబ్బాడు ఎర్రరంగిచ్చారు.
కాలువ మీదున్న ఇళ్ళకి గోడకో ఇంటూ మార్కు,
పక్కన నంబరు. రోజుకి ఎనిమిది వందలు.
నా ఇల్లు నలభై రెండు. ముందు అదే వేశాను,
మా ఆవిడ గడపలో నిలబడి చూస్తుంటే.

నలభై మూడు ఆయనది, మూల సైటు.
లుంగీ ఎగ్గట్టుకుని మెట్ల మీదికొచ్చాడు,
కళ్ళాపరేషన్ నల్లద్దాలు.
గోడ తడిమాడు. తడి రంగు వేళ్ళకంటింది.
"ఏం రాస్తివప్పా, నా పేరేనా?"
అవునన్నాను.
"కన్నడమా, తెలుగా?"
అని అడిగి, జవాబుకి ఆగకుండా
వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు.