చిట్టా

పలాసలో జీడిపిక్కలు ఒలిచి ఇంటికొచ్చి
వేలు పెడితే, ఫోను నన్ను ఒప్పుకోదు.
జీడి తినేసిన వేలిముద్ర మరి.
నాలుగంకెలు కొట్టి లోపలికెళ్తాను.

పిల్లల తాళం వేయించింది మొన్ననే,
సెల్ కొట్టు దాలినాయుడు చేత, నూటేభై ఇచ్చి.
ఎనిమిదేళ్ల ఢిల్లేశ్వరి
ఏ గుమ్మం తొక్కిందో, ఏ తలుపు మూసుకుందో
రాత్రికి చిట్టా వస్తాది.

ఏనుగుపిల్ల స్నానం. చూసింది.
రంగురాళ్ల ఆట, నలభై నిమిషాలు.
రేపు అడగాల.
ఎక్కాల పాట సగంలో వదిలేసింది, దొంగ.

అడుగున ఎర్రగా ఒకటి, నోటితో అడిగినట్టుంది:
‘అమ్మ చేతులకి జీడి కాల్తే ఏటి రాయాల’
ఆపబడినది.
పిల్లలు చూడదగని బొమ్మలు.

దీపం ఆర్పి
దాని పక్కన ఒదిగాను,
చేతులు రెండూ దుప్పట్లో దాచుకొని.