తడి దుప్పటి

ఆసుపత్రి లాండ్రీలో నా పని.
యంత్రం మూత తెరవగానే చేతికొచ్చే దుప్పటి
పొడిదానికి మూడింతల బరువుంటుంది.
రెండు కొసలు నేను, రెండు కొసలు నోమ్‌ఖోసి
పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే
నీళ్లు దులుపుకుని కాస్త తేలికపడుతుంది.

నా కాళ్లను అలా విదిలించే మనిషి
మారిట్జ్‌బర్గ్ మొత్తంలో దొరకలేదు.

అలసట నాకు కొత్త కాదు.
పరుగు ముగిసి గుమ్మంలో కూలబడితే వచ్చేది,
ఒక కంచం మొక్కజొన్న పుతూ, ఒక గ్లాసు పులిసిన పాలు,
ఒక రాత్రి నిద్ర పుచ్చుకుని
తెల్లారేసరికి వెళ్లిపోయే చుట్టం.
ఇది చుట్టం కాదు.
ఫిబ్రవరి చివర ఎప్పుడో వచ్చి
పెట్టె విప్పి, బట్టలు మేకులకు తగిలించుకుంది.

డర్బన్ పరుగుకు ఇంకా పదకొండు వారాలు.
మూడున్నరకు అలారం.
చీకట్లో లేసులు కట్టుకుంటుంటే
వేళ్లక్కూడా నిద్ర చాలలేదని తెలుస్తుంది.
మెట్లు అడ్డంగా దిగుతాను, ఎండ్రకాయలాగా.
మొదటి మలుపు దగ్గరే
నిన్నటి పరుగు నాకోసం కాచుకుని ఉంటుంది.

షేజీ తాత, ఒకప్పటి పోస్ట్‌మన్, మా క్లబ్బు గురువు,
నాకో నోటుపుస్తకం ఇచ్చాడు.
కళ్లు తెరవగానే, మంచం దిగకముందే,
మణికట్టు పట్టుకుని లెక్కపెట్టి రాయమన్నాడు.
జనవరిలో యాభై రెండు.
మార్చిలో అరవై ఏడు.
అరవై ఏడుని యాభై మూడు చేశాను.
పెన్ను తడబడలేదు.

సలహాలకేం, వీధంతా వైద్యులే.
వదిన బీట్‌రూట్ తినమంది.
పాస్టరు ఉపవాసం ఉండమన్నాడు.
"బద్ధకానికి మందు బెత్తమే అక్కా" అని
టాక్సీ ఫుమ్లాని హారను కొట్టి మరీ నవ్వాడు.
రక్తం తీసిన డాక్టరమ్మ కాగితం చూసి
అన్నీ బాగున్నాయి, అంది.
బాగున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
బాగోలేని ఒంటిని బస్సెక్కించాను.

ఆ శనివారం గడిలో నలభై కిలోమీటర్లు రాసుంది.
ఇరవై ఆరో కిలోమీటరు. చెరకుతోటల పక్క ఎత్తు.
మోకాలి నొప్పి లేదు, ఊపిరాడకపోవడం లేదు.
ఊరికే, నడుం కింద ఎవరూ లేరు.
రోడ్డంచు ఇనుపకమ్మీ మీద కూర్చుండిపోయాను.

బొగ్గుల మీద పొత్తులు కాల్చే ముసలావిడ
నా వంక ఒకసారి, నేనొచ్చిన దారి వంక ఒకసారి చూసింది.
"ఎవరు తరుముతున్నారే నిన్ను?"

నవ్వొచ్చింది. వెనకే ఏడుపొచ్చింది.
ఏం చెప్పను?
పోయినేడు నాలుగు నిమిషాల తేడాతో
నా మొహాన మూసుకున్న స్టేడియం గేటనా?
ఆ నాలుగు నిమిషాలూ ఏడాదిగా
నాలుగు ఆకలికుక్కలై వెంటబడ్డాయనా?

పొత్తొకటి చేతిలో పెట్టింది.
డబ్బులు తేలేదన్నాను.
"మళ్లీ వచ్చినప్పుడివ్వు, నడిచి వచ్చినప్పుడు" అంది,
నడిచి అన్న మాట నొక్కి.

ఇంటికొచ్చి పుస్తకంలో
దొంగ అంకెలన్నీ కొట్టేసి పక్కన నిజంవి రాశాను.
షేజీ తాత కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చదివాడు.
తిట్టలేదు.
"ఉత్తరాలు మోసినన్నాళ్లూ
వీధికో గోడుండేదమ్మా నాకు, సంచి ఆనించుకోడానికి.
ఈ పుస్తకంలో గోడేదీ?"

మూడు వారాలు పరుగు లేదు.
మొదటివారం అందరి మీదా అరిచాను,
లాండ్రీ యంత్రం మీద కూడా.
రెండోవారం ఒట్టి నిద్ర,
నోరు తెరుచుకుని, సిగ్గూ శరం లేకుండా.
తగ్గిందా అంటే, ఏమో.
ఈ ఏడు గేటు దాకా చేరతానా అంటే, అదీ ఏమో.

ఇవాళ పొద్దున నాడి యాభై తొమ్మిది.
నిజంగానే యాభై తొమ్మిది.
పరుగు అన్న గడిలో సున్నా చుట్టి,
పొత్తు బాకీ ఐదు రాండ్లు జేబులో వేసుకుని బయల్దేరాను.
సగం దూరం ఫుమ్లాని టాక్సీలో, మిగతాది నడిచి.

చెరకు మీద ఎండ అప్పుడే పడుతోంది.
నా వెనక ఎవరూ లేరు.
ఒకటి రెండుసార్లు తిరిగి చూశాను కూడా.